నాలుగో వాయి

చచ్చినవాడి మెళ్ళో సిలువ ఉంది. నాకు మింగుడు పడనిది అదే.

"ఉండకేం? మేమేమన్నా దేవుణ్ణి ఎరగనివాళ్ళమా?" అని కస్సుమంది ఫెవ్రోన్య. చచ్చినవాడు ఆమె కొడుకు అవ్‌దేయ్. ఊరికంతటికీ ఒక్కడే వడ్రంగి. దేవుడి పటాల కింద బల్ల మీద కొత్త చొక్కా తొడిగి పడుకోబెట్టారు.

"కడిగాక మీరు వేశారా సిలువ?"

"మేమెందుకు వేస్తాం? దొరికినప్పుడే మెళ్ళో ఉంది. ఆదివారం పొద్దున స్నానాలింటి తలుపు తీసింది నేనే కదమ్మా. నేల మీద వెల్లకిలా పడున్నాడు నా తండ్రి. సిలువ గుండెల మీదే ఉంది."

"ఒంటి మీద ఇంకేమున్నాయి?"

"స్నానానికి వెళ్ళినవాడి ఒంటి మీద ఏముంటాయి? బట్టలన్నీ బయటి గదిలో మేకుకే..." ఆమె మాట అక్కడే ఆగిపోయింది. కొడుకు మెడ వంక చూసి, మళ్ళీ నా వంక చూసింది.

మా వైపు ఎంత తాగినవాడైనా మెళ్ళో సిలువతో స్నానాలింట్లోకి అడుగు పెట్టడు. బయటి గదిలో మేకుకి తగిలించే వెళ్తాడు. లోపల ఉండేది స్నానాలింటి తాత. సిలువ ఉన్న మెడని ఆయన ముట్టుకోలేడు, కాబట్టి సిలువతో వెళ్ళడం అంటే ఆయన ఇంటికెళ్ళి ఆయన్నే దొంగలా చూడడం. మొదటి వాయి ఆవిరి మగవాళ్ళది, రెండోది ఆడవాళ్ళది, మూడోది ముసలీ ముతకది. నాలుగో వాయి తాతది. తొట్టిలో కాసిని నీళ్ళు, ఒక సబ్బు ముక్క, ఒళ్ళు బాదుకునే బిర్చి కొమ్మల కట్ట ఒకటి ఆయన కోసం వదిలి తలుపు మూసి వచ్చేయాలి.

ఊరు చెప్పే కథ ఇదీ. శనివారం అవ్‌దేయ్ మిల్లు పని చూసుకుని ఆలస్యంగా వచ్చాడు. తెలిసి తెలిసీ నాలుగో వాయిలో దూరాడు. పెళ్ళాం ఉలీత తాత వాటా నీళ్ళు వదల్లేదు. తాతకి ఒళ్ళు మండి పీక పిసికేశాడు. కథతో పాటు తీర్పు కూడా తయారుగా ఉంది. తాతకి కోపం తెప్పించిన ఉలీతని ఇవాళ పొద్దు కుంకేలోపు బోసి మెడతో నాలుగో వాయికి లోపలికి తోసి, బయట గడియ పెడతారు. అలా వెళ్ళినవాళ్ళెవరూ నడిచి బయటికి రాలేదు.

నా పేరు స్తెపనీద. జిల్లా కచేరీలో జీతం. ఎక్కడైనా ఒక చావుని తాతల మీదికి నెడితే, అంటే ఇంటి తాతో అడవి తాతో నీళ్ళ తాతో చంపాడంటే, అది నిజంగా వాళ్ళ పనా, మనిషి పనా అన్నది తేల్చడం నా ఉద్యోగం. వెనకాల నన్ను దయ్యాల పోలీసమ్మ అంటారు. ముందర కూడా అంటారు. నా అనుభవంలో చాలామటుకు మనుషుల పనే, తాతలకి అంత తీరిక ఉండదు.

శవాన్ని పరీక్షగా చూశాను. మెడ మీద వేళ్ళ గుర్తుల్లేవు. అరచేతులు బాగా నాని ముడతలు పడి ఉన్నాయి. వీపు మీద ఒక్క బిర్చి ఆకు మరక కూడా లేదు. కుడి చెవి వెనక, కడిగినవాళ్ళ చేతికి అందని చోట, పచ్చటి పాచి ఆకు ఒకటి అంటుకుని ఉంది. గోటితో తీసి రుమాలులో పెట్టుకున్నాను. మెళ్ళో సిలువ చెక్కది. ఏళ్ళ తరబడి చెమటకి నల్లబడింది.

"బట్టలు తడిగా ఉన్నాయా?"

"తడిగానే ఉన్నాయి. ఆవిరికేమో అనుకున్నాను."

"బల్ల కింద ఆ గొడ్డలేంటి?"

"వాడిదే. మిల్లులో మర్చిపోయాడట. ఆదివారం పొద్దున మిల్లు యెవ్లంపి మనిషి చేత పంపించాడు పాపం."

గొడ్డలి ఎత్తి చూశాను. పిడి చేతి రాపిడికి అరిగి నున్నగా ఉంది. మళ్ళీ ఉన్నచోటే పెట్టి స్నానాలింటికి బయల్దేరాను.

అది ఏటి ఒడ్డున, ఇళ్ళకి దూరంగా ఉంది. ఎగువన మిల్లు, దాని చెరువు గట్టు కనిపిస్తున్నాయి. ఇక్కడ ఏరు రాళ్ళ మీద ఉరకలు వేస్తూ పోతోంది. చేతులు ముంచి చూశాను. ఒక్క పాచి ఆకు లేదు.

బయటి గదిలో నా సిలువ తీసి మేకుకి తగిలించాను. ఈ ఉద్యోగంలో ఎన్నేళ్ళున్నా ఆ క్షణంలో మాత్రం నాకు భయం వేస్తుంది. వేయదని చెప్తే అబద్ధం.

లోపల చల్లగా, నల్లగా ఉంది. తొట్టిలో నీళ్ళు అలాగే ఉన్నాయి. అంచు మీద సబ్బు ముక్క, పక్కనే కొమ్మల కట్ట. కట్ట పొడిగా ఉంది, ఒక్క ఆకు రాలలేదు. ఉలీత తాత వాటా వదిలిందన్నమాట. ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

కొంగులోంచి రై రొట్టె ముక్క తీసి, మీద ఉప్పు దట్టంగా చల్లి, పొయ్యి రాళ్ళ ముందు పెట్టాను. "తాతా, మాట్లాడాలి" అన్నాను.

"ఉప్పు తక్కువైంది" అంది పొయ్యి కింద నుంచి ఒక గొంతు.

ఇంకాస్త చల్లాను. మోకాలెత్తు ముసలాడు పాక్కుంటూ బయటికొచ్చాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. గడ్డం నిండా పాత బిర్చి ఆకులు. రొట్టె రెండు చేతులతో పట్టుకుని, నా మెడ వంక చూశాడు.

"బోసిగానే వచ్చావు. మర్యాద తెలిసినదానివే. ఏం కావాలే పోలీసూ?"

"అవ్‌దేయ్‌ని నువ్వే చంపావట."

"ఎవడా కూసింది?" తాత రొట్టె నేలకేసి కొట్టాడు. మళ్ళీ ఏరుకున్నాడు. "వాడి తోలు చూశావా? ఒక్క గీత ఉందా? నేను చేస్తే అలా ఉంటుందా పని? మెడ దగ్గర మొదలెడితే మడమ దాకా ఒక్క చోట తెగకుండా లాగుతాను నేను! నా చేతి పని మా తాతలనాటిది. వీళ్ళు నా పేరు నాశనం చేస్తున్నారు!"

"కోప్పడకు. ఏం జరిగిందో చెప్పు."

"నాలుగో వాయికి నీళ్ళూ గీళ్ళూ అన్నీ పెట్టి వెళ్ళింది ఆ పిల్ల. సుఖంగా కూర్చోబోతున్నాను. తలుపు తోసుకుని ఒకడు ఇంకొకణ్ణి ఈడ్చుకొచ్చాడు. ఈడ్చుకొచ్చినవాడు చల్లగా ఉన్నాడే! స్నానాలింటికి చల్లబడి వచ్చేవాడెవడు? ఇద్దరి మెళ్ళోనూ సిలువలే. రెండు! కళ్ళు మండిపోయి పొయ్యి కింద దూరాను. కాసేపు ఏదో గొణిగాడు, తచ్చాడాడు, పోయాడు. ఈ శవాన్ని నా నెత్తిన పెట్టి పోయాడు."

"ఎవడు?"

"మీ పేర్లు నాకేం తెలుసు? మీరంతా నాకు తోలేగా."

"మళ్ళీ వస్తే గుర్తుపడతావా?"

తాత ఉప్పు గింజలు నాకుతూ ఆలోచించాడు. "మెడ బోసిగా వస్తే గుర్తుపడతాను" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తాత సాక్ష్యం పంచాయతీలో చెల్లదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. సిలువ మెళ్ళో వేసుకుని బయటికొచ్చేసరికి గుమ్మం ముందు మిల్లు యెవ్లంపి నిలబడి ఉన్నాడు. చంకలో కట్టెల మోపు, గడ్డం మీద పిండి.

యెవ్లంపి మనిషి భారీగా ఉంటాడు, నవ్వు ముఖం. నీళ్ళ తాతతో మాట్లాడగలడని ఊరు నమ్ముతుంది. మిల్లువాళ్ళందరి గురించీ అదే నమ్మకం. తాతల విషయంలో ఇక్కడ అతని మాటే వేదం. ఉలీత మీద తీర్పు అతను చెప్పిందే. నన్ను పిలిపించొద్దని ఊరిపెద్ద ప్రోఖర్‌తో పోట్లాడింది కూడా అతనే.

"దండాలమ్మా, దయ్యాల పోలీసమ్మా! ఏమంటాడు మా తాత? కులాసాయేనా?"

"తాను చంపలేదన్నాడు."

"జైల్లో ఎవణ్ణడిగినా అదే అంటాడు కదమ్మా." మోపు దింపి పకపకా నవ్వాడు. "మీ జిల్లాలో తాతలు చదువుకున్నవాళ్ళేమో. మావాళ్ళు మోటు. అబద్ధం కూడా ఆడతారు."

"ఆ కట్టెలేంటి?"

"నాలుగో వాయికి. పొగ పోయి రాళ్ళు ఎర్రబడితే పిల్లని తీసుకొస్తారు. ఎంతసేపు? మీరు ఓ గిన్నెడు పుట్టగొడుగుల చారు తాగి వచ్చేసరికి అయిపోతుంది."

"నేను ఇంకా తేల్చలేదు."

"తేల్చడానికేముందమ్మా? మెళ్ళో సిలువ వేసుకుని తాతింట్లోకి వెళ్తే తాతకి మండదా? మీకైనా నాకైనా మండదా?"

"సిలువ ఉంటే తాత ముట్టుకోలేడు కదా."

"ముట్టుకోవడం దేనికి? పొగ ఊదితే చాలదా?"

"అది సరే. వాడి మెళ్ళో సిలువ ఉందని నీకెవరు చెప్పారు?"

యెవ్లంపి గడ్డం మీద పిండి దులుపుకున్నాడు. "ఊరంతా చెప్పుకుంటోంది."

"ఊరంతా ఎక్కడ? ఇందాక నేనడిగేదాకా వాళ్ళమ్మకే తట్టలేదు. నువ్వు శవాన్ని చూడ్డానికి కూడా వెళ్ళలేదట."

"నాలాంటివాడు చావింటికి వెళ్తే చచ్చినవాళ్ళకి మంచిది కాదమ్మా." నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం నవ్వడం లేదు. "కచేరీ మనిషివి, ఆడకూతురివి. మర్యాద చేస్తున్నాను. తప్పుకో, పొయ్యి వెలిగించాలి."

"నేను తప్పుకోకపోతే?"

"ఊరు తప్పిస్తుంది."

ఊరు అప్పటికే గట్టు మీద పోగవుతోంది. తప్పుకున్నాను. అతను లోపలికి వెళ్ళలేదు. గుమ్మం బయటే నిలబడి, పొడుగాటి కర్రతో కట్టెలు పొయ్యిలోకి నెట్టి, నిప్పు కూడా కర్ర కొసనే అందించాడు. మిల్లువాడికి స్నానాలిల్లంటే ఇంత భయమెందుకో అప్పుడే అర్థం కావడం మొదలైంది. తలుపులోంచి నల్లటి పొగ బయటికి తన్నుకొచ్చింది. ఆ పొగ పలచబడేదాకానే నాకున్న గడువు.

ఉలీతని ధాన్యపు కొట్టులో పెట్టి తాళం వేశారు. పాతికేళ్ళు కూడా ఉండవు. మోకాళ్ళు కావలించుకుని గడ్డి మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ముఖం.

"మొగుణ్ణి చివరిసారి ఎప్పుడు చూశావు?"

"శనివారం పొద్దున. మిల్లు తూము తలుపు బాగుచేయడానికి వెళ్ళాడు. శనివారం ఎందుకయ్యా అంటే వినలేదు. పని సగంలో ఉంటే ఆయనకి ముద్ద దిగదు."

"సాయంత్రం?"

"రాలేదు. రానేలేదమ్మా! మూడు వాయిలూ అయ్యాక నీళ్ళు పెట్టాను, సబ్బు పెట్టాను, తలుపు మూసి వచ్చాను. గంజి వేడిగా ఉంచి కూర్చున్నాను. ఎవరికి చెప్పినా నమ్మరే!"

"నేను నమ్మాను. గొడ్డలి మిల్లులో మర్చిపోయాడట కదా."

ఉలీత తల చటుక్కున ఎత్తింది. "ఎవరు, మా ఆయనా? గొడ్డలి మర్చిపోవడమా? పడుకునేటప్పుడు కూడా తల దగ్గర పెట్టుకుంటాడు. అర్ధరాత్రి చెయ్యి తగిలి నేనెన్నిసార్లు తిట్టానో!"

"ఆయన సిలువ ఎలా ఉంటుంది?"

"రాగిది. ఒక రెక్క వంగి ఉంటుంది. చిన్నప్పుడు గుర్రం తొక్కిందట. సరిచేయించుకోమంటే, గుర్రం ఇచ్చిన గుర్తు పోనీ అనేవాడు."

"వంగిన రాగి సిలువ. ఖాయమేనా?"

"నాకు తెలీదా? ఆయన గుండె మీద తల పెట్టుకుంటే నా చెంపకి గుచ్చుకునేది."

శవం మెళ్ళో నేను చూసింది చెక్కది. ఆమె పక్కనే గడ్డి మీద కూర్చున్నాను. అందరి సిలువా చొక్కా లోపలే ఉంటుంది, ఎవరిది ఎలా ఉంటుందో కన్నవాళ్ళకీ కట్టుకున్నవాళ్ళకీ తప్ప తెలీదు. కన్నతల్లి ఏడుపులో పోల్చుకోలేదు. కట్టుకున్నదాన్ని తీసుకొచ్చి ఇక్కడ తాళం వేశారు. శవాన్ని చూడనివ్వలేదు.

"ఉలీతా, ఇద్దరు మనుషులు సిలువలు మార్చుకుంటే ఏమవుతారు?"

"సిలువ అన్నదమ్ములవుతారు. అది కూడా తెలీదా?" అంది వింతగా చూస్తూ. "రక్తం పంచుకున్నవాళ్ళ కంటే ఎక్కువ."

"ఒకడు చచ్చి, లేచి తిరిగితే?"

"తమ్ముణ్ణి ముట్టుకోడు. బతికున్నవాడికి తన సిలువ చచ్చినవాడి మెళ్ళో ఉన్నంతకాలం భయం లే..." అని ఆపేసింది. తెలివైన పిల్ల. ముఖం పాలిపోయింది.

మామూలుగా పోయినవాళ్ళు లేవరు. అన్యాయంగా మునిగి చచ్చినవాళ్ళు లేస్తారు. ముంచినవాణ్ణి వెతుక్కుంటూ వస్తారు. ముంచినవాడికి ఆ భయం పట్టుకుంది. శవం మెళ్ళోంచి రాగి సిలువ తీసి తాను వేసుకున్నాడు, తన చెక్క సిలువ శవానికి వేశాడు, ఏదో గొణిగి అన్నదమ్ములం అనిపించుకున్నాడు. భయంలో ఒక్కటే మర్చిపోయాడు. తాను శవాన్ని పడేసిన చోటు ఎవరూ సిలువతో అడుగు పెట్టని చోటు.

పాచి ఆకు నిలవ నీళ్ళలో పెరుగుతుంది. ఈ ఊళ్ళో నిలవ నీళ్ళు మిల్లు చెరువులో తప్ప ఎక్కడా లేవు. కానీ పాచి ఆకు చూపించి మిల్లువాణ్ణి పట్టుకుంటానంటే ఊరు నవ్వుతుంది.

బయట ఎవరో తాళం తీశారు. ఊరిపెద్ద ప్రోఖర్. టోపీ చేతిలో నలుపుతూ, నా కళ్ళలోకి చూడకుండా, "పొగ పోయిందమ్మా" అన్నాడు.

ఉలీత నా చెయ్యి పట్టుకుంది. "నేను నీళ్ళు వదిలాను" అంది ఇంకోసారి. "తెలుసు, పద" అన్నాను.

స్నానాలింటి ముందు ఊరంతా ఉంది. ఫెవ్రోన్య కూడా వచ్చి ఓ పక్కన నిలబడింది. నిన్నటిదాకా తిట్టిన కోడలి వంక ఇప్పుడు చూడలేకపోతోంది. ఉలీత సిలువ తీసి అత్త చేతిలో పెట్టింది. యెవ్లంపి గడియ కర్ర పట్టుకుని తలుపు పక్కనే ఉన్నాడు.

"ఒక్క నిమిషం" అన్నాను గట్టిగా. "పెద్దాయనా ప్రోఖర్! నాలుగో వాయికి మనిషిని పంపే ముందు తాతకి కబురు చెప్పాలా, అక్కర్లేదా?"

"చెప్పాలి. 'తాతా, నీ వాటా వస్తోంది, తీసుకో' అని లోపలికెళ్ళి పిలవాలి" అన్నాడు ప్రోఖర్. "తీర్పు చెప్పినవాడే పిలవాలి. మా తాత కాలం నుంచీ అంతే."

"మరి పిలిచారా?"

జనం యెవ్లంపి వంక చూశారు.

"గుమ్మంలోంచి పిలిచాను" అన్నాడు.

"గుమ్మంలోంచి మేకల్ని పిలుస్తారు. తాతని కాదు." వెనకెవరో కిసుక్కున నవ్వారు. "నీళ్ళ తాతతో రోజూ మాట్లాడేవాడివి. ఈ తాతతో ఓ ముక్క మాట్లాడ్డానికి భయమా, యెవ్లంపీ?"

"భయమా? నాకా?" గడియ కర్ర ప్రోఖర్ చేతికిచ్చి గుమ్మం వైపు నడిచాడు. చాలా వేగంగా నడిచాడు.

"మెళ్ళో సిలువతోనా?" అన్నాను.

అందరూ విన్నారు. ఓ ముసలామె "అయ్యో, అయ్యో" అంది. యెవ్లంపి ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపులో నవ్వు లేదు. అంతమంది ముందు సిలువతో తాతింట్లోకి వెళ్తే రేపటి నుంచి అతని మాట ఎవరూ వినరు. వెళ్ళకపోతే ఇవాళే వినరు.

బయటి గదిలోకి వెళ్ళి మాకు వీపు పెట్టాడు. చొక్కా మెడలోంచి ఏదో తీశాడు. మేకుకి తగిలించలేదు. బూట్లు విప్పి, ఒక బూటులోకి జారవిడిచి, లోపలి తలుపు తోసి, గబగబా అడుగు పెట్టాడు. "తాతా, నీ వాటా..."

తలుపు దానంతటదే ధన్‌మని మూసుకుంది.

నేను వెళ్ళి ఆ బూటు తెచ్చి, జనం ముందు తలకిందులు చేశాను. రాగి సిలువ గడ్డి మీద పడింది. ఒక రెక్క వంగి ఉంది.

"మా వాడిది!" అంది ఫెవ్రోన్య. "గుర్రం తొక్కింది! అది మా వాడిది!"

ఉలీత వంగి సిలువ తీసుకుని గుప్పిట్లో మూసుకుంది.

అప్పుడే లోపల అరుపులు మొదలయ్యాయి. ప్రోఖర్, ఇంకో ఇద్దరు తలుపు లాగారు. కదల్లేదు. పొగ పోయే చిన్న కంత దగ్గర నోరు పెట్టి, "ఎలా చచ్చాడో చెప్పు!" అని అరిచాను.

"చెప్తా! చెప్తా! గట్టు తెగిపోయేలా ఉంది! నీళ్ళ తాత ఒక తల కావాలన్నాడు! తూము దగ్గర వంగి ఉంటే అవ్‌దేయ్‌ని తోశాను!" మళ్ళీ అరుపు. "సిలువ ఉంది వద్దని తాత వాణ్ణి ఒడ్డుకి విసిరేశాడు! అప్పటికే చచ్చిపోయాడు! అమ్మా, తోలు లాగేస్తున్నాడు, సిలువ... ఒక్క సిలువ ఇవ్వండి!"

ఊరంతా విన్నది. ఎవరూ కదల్లేదు. నా చెయ్యి నా మెడ దగ్గరికి వెళ్ళి ఆగింది. నా సిలువ ఇవ్వొచ్చు. ఇస్తే వాడు నాకు తమ్ముడవుతాడు. అలాంటి తమ్ముడు నాకొద్దు. అక్కడున్న అందరూ అదే ఆలోచిస్తున్నారని ముఖాలు చూస్తే తెలుస్తోంది.

"ఉలీతా, ఆ రాగి సిలువ..."

"ఇవ్వను" అంది. "ఇది మా ఆయనది. వాడిది వాడికి ఇవ్వండి."

"నాకు వాడు బతికి కావాలి. జిల్లాలో, జడ్జీ ముందు, ఇదే మాట మళ్ళీ చెప్పాలి. లేకపోతే రేపు ఇంకో మిల్లువాడు ఇంకో ఉలీతని లోపలికి తోస్తాడు."

ఉలీత ఇంటి దారి వంక చూసింది. "వాడి సిలువ మా ఆయన మెళ్ళో ఉంది. తెమ్మంటారా?"

"తే. పరిగెత్తు!"

పరిగెత్తలేదు. నడిచే వెళ్ళింది. లోపల అరుపులు మూలుగులవుతున్నాయి. నేను అటూ ఇటూ తిరుగుతూ ఆమెని మనసులో తిట్టుకున్నాను. చివరికి వచ్చింది. చెక్క సిలువ నా చేతిలో పెట్టింది. కంతలోంచి లోపలికి విసిరాను.

తలుపు తెరుచుకుంది. యెవ్లంపి సిలువ మెళ్ళో వేసుకుని పాక్కుంటూ వచ్చాడు. వీపు మీద తోలు మెడ దగ్గర నుంచి జానెడు దాకా లేచి ఉంది. ఎక్కడా తెగలేదు. తాత చెప్పింది నిజమే, పని శుభ్రంగా ఉంది.

ప్రోఖర్ వాడి చేతులు కట్టాడు. "బండి కట్టించనా అమ్మా?"

"కట్టించు. చీకటి పడేలోపు బయల్దేరాలి." ఊపిరి తిరిగినట్టయింది. ఉలీత బతికింది, నిందితుడు బతికాడు, నిజం బయటపడింది. చాలా రోజుల తర్వాత నాకు సంతోషమేసింది. చేతులు కొంగుకి తుడుచుకోబోయి ఆగాను. అరచెయ్యి తడిగా ఉంది. సిలువ తాడు నుంచి వచ్చిన తడి. దాంట్లో పచ్చటి పాచి ఆకులు రెండు.

శవాన్ని ఆదివారమే కడిగి, తుడిచి, పొడి చొక్కా తొడిగారు.

"ఉలీతా, ఈ తడేంటి?"

"సిలువ తీస్తుంటే ఆయన నోట్లోంచి నీళ్ళొచ్చాయి."

"తర్వాత?"

"తర్వాత లేచాడు."

నేల మీద కూర్చున్న యెవ్లంపి ఆ మాట విన్నాడు. అరవలేదు. మెళ్ళో తన చెక్క సిలువని చూసుకున్నాడు, ఉలీత గుప్పిట వంక చూశాడు. ఎవరి సిలువ వాళ్ళకి చేరింది, అన్నదమ్ముల వరస తెగింది. వాడికి అర్థమైంది.

"నిన్నేమైనా అన్నాడా?" అన్నాను.

"నా వంక చూడలేదు. బల్ల కింద నుంచి గొడ్డలి తీసుకుని, మిల్లు వైపు వెళ్ళాడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తూము పని సగంలో ఉందిగా."

"ఇలా అవుతుందని తెలిసే తీశావా?"

"మీరేగా అమ్మా తెమ్మన్నారు."

ప్రోఖర్ బండి తెచ్చాడు. గుర్రం ముందుకి అడుగు వేయనంటోంది. జిల్లాకి బండి దారి ఒక్కటే, అది మిల్లు గట్టు మీదుగా పోతుంది. అటు నుంచి చెక్క మీద గొడ్డలి చప్పుడు వినిపించింది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. కాసేపు ఆగి మళ్ళీ అంతే.

ఫెవ్రోన్య తల ఎత్తి వింది. "మా వాడే" అంది.